గొలుసుకట్టు లెక్కలు

పూర్వం తెలుగు పల్లెలలో భూముల లెక్కలన్నీ కరణంగారి దస్త్రాలలో ఉండేవి. భాష తెలుగే, లిపి తెలుగే. అయినా బడిలో చక్కగా చదువుకున్న రైతు సైతం తన పొలం లెక్క తాను చదువుకోలేకపోయేవాడు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించుకుంటూ పోయే గొలుసుకట్టు రాత అది. పొలం రైతుది, శిస్తు కట్టినది రైతు, కాగితం మీద ఉన్నది ఆ రైతు పేరే. చదివి చెప్పవలసినది మాత్రం కరణంగారు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణీకాన్ని రద్దుచేసింది. పెట్టె అడుగున పాత దస్తావేజు ఒకటి బయటపడినప్పుడు ఆ రాత చదవగల పెద్దల కోసం వెతుకులాట మాత్రం నేటికీ ఆగలేదు.

కంప్యూటరు వచ్చిన తరువాత ఈ బాధ తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని ఒక తెలుగు సంఘం కూడా అలాగే అనుకున్నది. 1990లలో ఆ సంఘం సభ్యుడొకరు తన తల్లిగారి పేరిట, స్వగ్రామంలోని ఉన్నత పాఠశాలలో చదివే ఆడపిల్లలకు ఏటా ఉపకార వేతనం ఇవ్వవలసిందని కొంత మూలధనం సమర్పించారు. తరువాత కొన్నేళ్ళకు ఆయన కాలం చేశారు. ఇటీవల ఆయన భార్య సంఘం కోశాధికారికి ఫోను చేసి ఒకే ఒక ప్రశ్న అడిగారు. "మా అత్తగారి పేరు మీద ఇచ్చే డబ్బు ఆడపిల్లలకే వెళుతోందా, బాబూ?" "చూసి చెబుతానండీ, ఆంటీ" అన్నాడు ఆ యువకుడు. చూడడానికి అతని దగ్గర ఉన్నది ఒక అట్టపెట్టె. అందులో రసీదు పుస్తకాలు, ఒక ఉగాది కరపత్రాల కట్ట, మూడున్నర అంగుళాల ఫ్లాపీలు మూడు.

ఫ్లాపీ చదివే పరికరం తెప్పించడం కష్టం కాలేదు. మొదటి ఫ్లాపీలో ఉన్నది లోటస్ 1-2-3 ఫైలు. కోశాధికారి తన కంప్యూటరులో ఉన్న ఎక్సెల్‌తో తెరవబోతే అది తెరుచుకోలేదు. 2007 నాటి ఎక్సెల్‌తోనే మైక్రోసాఫ్ట్ సంస్థ లోటస్ ఫైళ్ళను చదివే ఏర్పాటును తీసివేసింది. లోటస్ 1-2-3నే కొందామంటే, ఐ.బి.ఎం. సంస్థ దాని అమ్మకాన్ని 2013లో ఆపివేసి, 2014లో మద్దతు కూడా విరమించింది. కార్యవర్గ సమావేశంలో ఒకరు పాత సాఫ్ట్‌వేరును వేలంలో వెతికి కొందామన్నారు. ఇంకొకరు తమ బావమరిది దగ్గర కాపీ ఒకటి ఉండాలన్నారు. మూడవవారు అంత పాత లెక్కలు ఇప్పుడెందుకన్నారు. ఈ మూడింటిలో మూడవ మాటే అన్నింటికంటే ప్రమాదకరమైనది. ఎందుకంటే అది ఎక్కువమందికి నచ్చుతుంది.

అసలు ఆ ఫైలులో ఉండేదేమిటి? స్ప్రెడ్‌షీటు అనేది గడుల పట్టిక అని అందరికీ తెలుసు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు ఆపిల్ 2 యంత్రం కోసం విసికాల్క్ పేరుతో మొదటిసారి ఇటువంటి పట్టికను ప్రజల చేతికిచ్చారు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 దానిని వెనక్కు నెట్టింది. 1985లో మెకింటాష్ మీద, 1987లో విండోస్ మీద వచ్చిన ఎక్సెల్ క్రమంగా లోటస్‌నూ వెనక్కు నెట్టింది. ఇంతవరకు వ్యాపార చరిత్ర. శాస్త్ర దృష్టితో ఆసక్తి కలిగించేది గడిలోపలి సంగతి. సూత్రం ఉన్న ప్రతి గడికీ ఫైలులో రెండు విషయాలు దాచబడతాయి: ఆ సూత్రం ఒకటి, చివరిసారి లెక్కవేసినప్పుడు వచ్చిన విలువ రెండవది. అందుచేత సూత్రాన్ని అర్థం చేసుకోలేని సాఫ్ట్‌వేరు కూడా కనీసం విలువనైనా చూపగలదు.

లోటస్ డబ్ల్యు.కె.1 ఫైలు అమరిక ఎంత సరళమైనదంటే, ఓపిక ఉన్న ఇంటర్మీడియట్ విద్యార్థి సైతం ఒక సెలవురోజున దానిని విప్పగలడు. ఫైలంతా చిన్న చిన్న చీటీల వరుస. ప్రతి చీటీకీ మొదటి రెండు బైట్లు అది ఏ రకం చీటీయో చెబుతాయి, తరువాతి రెండు దాని పొడవు చెబుతాయి, ఆపైన విషయం. 14వ రకం చీటీలో అంకె, 15వ రకంలో మాట, 16వ రకంలో సూత్రం. అంకె చీటీ పొడవు 13 బైట్లు: రూపం తెలిపేది ఒకటి, నిలువు వరుసకు రెండు, అడ్డు వరుసకు రెండు, విలువకు ఎనిమిది. సూత్రాన్ని దాచే తీరు మరింత ముచ్చటైనది. ఇంగ్లీషులో "కూడు రెండును మూడుతో" అన్నట్లు క్రియ ముందు వస్తుంది. ఫైలులో మాత్రం ముందు రెండు, తరువాత మూడు, చివరన కూడిక గుర్తు ఉంటాయి. "రెండుకు మూడు కలుపు" అన్నట్లు, అచ్చం తెలుగు వాక్యం వలెనే. ఎక్సెల్ పాత ఫైళ్ళలోనూ పద్ధతి ఇదే.

ఇందులో రహస్యమేమీ లేదు. లోటస్ సంస్థ ఆ అమరికను 1980లలోనే ప్రచురించింది. కాబట్టి ఆ సంఘం పెట్టెలోని మొదటి ఫ్లాపీ ఫైలును, సభ్యులలో ఒకరి కుమారుడు, కళాశాల విద్యార్థి, లిబ్రె ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో పది నిమిషాలలో తెరిచి చూపించాడు. గ్న్యుమెరిక్ అనే మరొక ఉచిత సాఫ్ట్‌వేరు కూడా ఈ పని చేయగలదు. దాతల పేర్లు, మొత్తాలు, తేదీలు, వడ్డీ సూత్రాలు అన్నీ చెక్కుచెదరకుండా వచ్చాయి. సమావేశంలో కొందరు ఇదేదో దొంగతనం కాదుగదా అని సందేహపడ్డారట. తన లెక్కను తాను చదువుకోవడం దొంగతనమా? ఈ ప్రశ్న అమెరికా న్యాయస్థానాల దగ్గరకు వేరొక రూపంలో వెళ్ళింది కూడా. లోటస్ ఆదేశాల వరుసను తన క్వాట్రో ప్రోలో వాడుకున్నందుకు బోర్లాండ్ సంస్థపై లోటస్ దావా వేసింది. 1995లో అప్పీలు న్యాయస్థానం ఆ వరుస ఒక పని పద్ధతి మాత్రమేననీ, దానికి గ్రంథస్వామ్యం వర్తించదనీ తీర్పు చెప్పింది. 1996లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు చెరిసగంగా నలుగురు, నలుగురుగా చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది. అప్పీలు న్యాయమూర్తులలో ఒకరైన బూడిన్ విడిగా రాసిన అభిప్రాయంలో, తమ శ్రమతో చిన్న చిన్న క్రమణికలు రాసుకున్న వినియోగదారులు ఒక్క సంస్థకే బందీలు కావడం సబబు కాదన్న ఆలోచన కనిపిస్తుంది. తీర్పు ఆదేశాల జాబితా గురించినదేగాని ఫైళ్ళ గురించినది కాదు. అయినా శ్రమ ఎవరిదన్న ప్రశ్న రెండింటికీ ఒకటే.

రెండవ ఫ్లాపీలో ఉన్నది 1990ల నాటి ఎక్సెల్ ఫైలు. అది తేలికగానే తెరుచుకున్నది, కాని అసలు చిక్కు అక్కడే ఎదురైనది. దాతల షరతులను అప్పటి కోశాధికారి శ్రద్ధగా తెలుగులో టైపు చేసి ఉంచారు. ఆ నిలువు వరుసలో ఇప్పుడు కనిపించినవి రోమన్ అక్షరాలు, సున్నాలు, కొమ్ములు, డాలరు గుర్తులు కలగలిసిన ముద్ద. కారణం స్పష్టమే. యూనికోడ్ ప్రమాణంలో 1991 నుండే తెలుగుకు స్థానం ఉన్నా, దానిని సాధారణ కంప్యూటర్లు సరిగా చూపించడానికి మరి దశాబ్దం పైగా పట్టింది. ఈలోపల ప్రతి తెలుగు ఫాంటు తయారీదారూ తన ఇష్టప్రకారం ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు అక్షర ఖండాలను కూర్చుకున్నాడు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తు మరొకచోట. ఫైలు ఫార్మాటు తెరుచుకున్నా, ఆ ఫాంటు లేకపోతే తెలుగు తెరుచుకోదు. ప్రవాసాంధ్రులకు ఇది ఇంగ్లీషువారికి లేని రెండవ తాళం. పాత సంచికల కోసం రాసిన కథలు, వంశవృక్షాలు, పెళ్ళి పిలుపుల జాబితాలు ఈ రెండవ తాళం వెనుక ఎన్ని ఇళ్ళలో మగ్గుతున్నాయో! ఆ రోజులలో ఎంతోమంది రైస్ విశ్వవిద్యాలయం నుండి వచ్చిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో తెలుగును రోమన్ అక్షరాలతో రాసుకున్నారు. అందం లేదని దానిని వెక్కిరించినవారూ ఉన్నారు. కాని నాడు ఆర్.టి.ఎస్.లో రాసినదంతా నేడు ఏ యంత్రం మీదనైనా చదువుకోవచ్చును.

ఇంతకూ సంఘంలో ఒక పెద్దాయన గరాజులో పడి ఉన్న పాత కంప్యూటరులో ఆ ఫాంటు దొరికింది. షరతుల వరుస అంతా తెలుగై నిలిచింది. పాఠశాల పేరు, పదవ తరగతి ఆడపిల్లలు, ఏటా ఇద్దరు. అయితే ఆ షరతును చదవగలిగినవారు లేకపోయిన ఏళ్ళలో, వచ్చిన వడ్డీ సాధారణ ఉపకార వేతనాల నిధిలో కలిసిపోయింది. ఎవరూ ఒక్క డాలరు తినలేదు. అయినా ఆడపిల్లల డబ్బు ఆడపిల్లలకు వెళ్ళలేదు.

ఫైలును తెరవడం ఒక ఎత్తు. తెరిచినది చెడకుండా చూసుకోవడం మరొక ఎత్తు. సాఫ్ట్‌వేరు లేనివారికి చాలామంది చెప్పే సలహా, కామాలతో వేరుచేసిన సాదా పాఠంగా, అనగా సి.ఎస్.వి.గా మార్చి పంపించమని. మంచి సలహాయే. కాని సూత్రాలు పోతాయి, విలువలే మిగులుతాయి. మరొక గండం దానిని తిరిగి ఎక్సెల్‌లో తెరిచినప్పుడు వస్తుంది. న్యూజెర్సీలో తెలుగువారు దండిగా ఉండే ఎడిసన్ పట్టణం తపాలా సంఖ్య 08817. దానిని అంకెగా భావించి ఎక్సెల్ ముందున్న సున్నాను మింగివేస్తుంది. సంఘం పత్రికలు తిరిగి వచ్చినప్పుడు తపాలా శాఖను తిట్టి లాభం లేదు. ముందు 91 చేర్చిన భారతదేశపు ఫోను సంఖ్య ఘాతాంకంగా మారిపోయి కనిపించడం కూడా చాలామందికి అనుభవమే.

రసాయన శాస్త్రంలో దీనికి మరింత విచిత్రమైన ఉదాహరణ ఉన్నది. నమోదైన ప్రతి రసాయన పదార్థానికీ సి.ఎ.ఎస్. అనే సంఖ్య ఉంటుంది. పల్లాడియం సంఖ్య 7440-05-3. దీనిని ఎక్సెల్ గడిలో వేస్తే 7440వ సంవత్సరం మే నెల 3వ తేదీగా మారిపోతుంది. ప్లాటినం 7440-06-4, కనుక అదే ఏడు జూన్ 4. పొటాషియం 7440-09-7, కనుక సెప్టెంబరు 7. అయిదున్నర వేల ఏళ్ళ తరువాతి పంచాంగంలో లోహాలకు తిథులు! నవ్వుకోవలసిన విషయమే గాని, జన్యుశాస్త్రంలో ఇది నవ్వులాట కాలేదు. మార్చ్1, సెప్ట్2 వంటి పేర్లున్న జన్యువులు తేదీలుగా మారిపోయి, ప్రచురిత పరిశోధనలలోకి ఎక్కాయి. ఎక్సెల్ జాబితాలను జతపరిచిన జన్యు పరిశోధన పత్రాలలో ఇంచుమించు అయిదింట ఒక వంతు ఈ విధంగా చెడినట్లు 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో మారినది ఎక్సెల్ కాదు. మానవ జన్యువుల నామకరణ సంఘమే ఆ జన్యువుల పేర్లు మార్చింది. ఒక లెక్కల పట్టిక అలవాటుకు ప్రకృతిలోని వస్తువుల పేర్లు తలవంచాయన్నమాట. ఆ తరువాతనే, 2023లో, ఈ మార్పిడిని ఆపుకొనే సౌకర్యాన్ని ఎక్సెల్ ఇవ్వడం మొదలుపెట్టింది.

పాత ఫార్మాటులోనికి మార్చడం వలన వచ్చే నష్టం ఎంతటిదో బ్రిటన్‌లోని పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పాత ఎక్స్.ఎల్.ఎస్. పట్టికలో 65,536 అడ్డు వరుసలే పడతాయి, కొత్త ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్.లో 10,48,576. 2020 సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు ఇంగ్లండులో నమోదైన కోవిడ్ కేసులు 15,841 ఈ తేడా మూలంగా పట్టికలోనికి ఎక్కకుండా పోయాయి. వారితో కలిసిమెలిసి తిరిగినవారికి హెచ్చరిక ఆలస్యమైనది. యంత్రం ఏ ఫిర్యాదూ చేయలేదు. వరుసలు నిండిపోయాయి, మిగిలినవి రాలిపోయాయి.

అటువంటప్పుడు ఎందుకీ బాధ, అందరూ అసలు సాఫ్ట్‌వేరే కొనుక్కుంటే సరిపోదా అని వాదించేవారున్నారు. ఉద్యోగాలలో ఉన్నవారికి నెల చందా పెద్ద లెక్క కాదు. నిజమే. చందా ఆగిపోయినా ఫైలును చూడడానికి, అచ్చు తీసుకోవడానికి వీలుంటుంది, దిద్దడానికి మాత్రం ఉండదు. మాక్రోలతో అల్లిన పెద్ద లెక్కలు ఇతర సాఫ్ట్‌వేరులలో కుంటుతాయన్నదీ నిజమే. వ్యాపారం చేసుకునేవారు అసలుదానినే వాడుకోవడం వివేకం. అయితే సంఘం సభ్యత్వ పట్టికకు మాక్రోలు దేనికి? ఉగాది వంటల జాబితాకు దేనికి? సభ్యులలో పదవీ విరమణ చేసినవారున్నారు, వీసా మీద వచ్చిన విద్యార్థులున్నారు, పిల్లల దగ్గర ఆరు నెలలుండి వెళ్ళే తల్లిదండ్రులున్నారు. వారందరినీ ఒక సంస్థ వస్తువు కొనండని పరోక్షంగా నిర్బంధించే అధికారం సంఘానికి లేదు. ఇక బావమరిది దగ్గరి కాపీ సంగతి. పన్ను మినహాయింపు పొందిన ధర్మసంస్థ దొంగ సాఫ్ట్‌వేరు మీద దాతల లెక్కలు రాయడం, దేవుడి హుండీకి దొంగ తాళం వేయడం వంటిది.

ఉచితంగా తెరిచే మార్గాలు నేడు కొల్లలు. లిబ్రె ఆఫీస్ చెప్పుకున్నదే. గూగుల్ షీట్స్‌లోనూ, మైక్రోసాఫ్ట్ సంస్థయే ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చే ఎక్సెల్‌లోనూ తెరవవచ్చును; కాని సభ్యుల చిరునామాలు, విరాళాల వివరాలు పరుల కంప్యూటరు మీదికి ఎక్కుతున్నాయన్న ఎరుక ఉండాలి. ఏమీ లేనప్పుడు మరొక ఉపాయమున్నది. ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్. ఫైలు నిజానికి ఒక జిప్ మూట. పేరు చివర జిప్ అని మార్చి విప్పితే లోపల సాదా అక్షరాలలో రాసిన ఎక్స్.ఎం.ఎల్. కాగితాలుంటాయి. మాటలన్నీ ఒక కాగితంలో, ఒక్కొక్క పట్టికా ఒక్కొక్క కాగితంలో. చూపుకు ఇంపుగా ఉండదు, కాని చదవగలిగినవాడికి కరణంగారి అవసరం లేదు.

ఈ మార్పు దానంతట అది రాలేదు. 2005లో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రభుత్వం తన పత్రాలు బహిరంగ ప్రమాణాలలోనే ఉండాలని నిర్ణయించినప్పుడు పెద్ద దుమారం రేగింది. ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాటు 2006లో అంతర్జాతీయ ప్రమాణమైనది. మైక్రోసాఫ్ట్ తన సొంత ఫార్మాటును ప్రమాణంగా ముందుకు తెచ్చినప్పుడు దాని వివరణ 6,000 పుటలు దాటింది. ఓటింగులో భారతదేశం కాదన్నది. అయినా 2008లో అది కూడా ప్రమాణమైనది. ఆ ఏడే ఆ సంస్థ పాత ఎక్స్.ఎల్.ఎస్. వివరణను అందరికీ విడుదల చేసింది. అంతకుముందే స్వచ్ఛంద కార్యకర్తలు బైటు తరువాత బైటు పరిశీలించి దానిని చాలావరకు విప్పి ఉన్నారు. భారత ప్రభుత్వం 2010లో, బ్రిటన్ ప్రభుత్వం 2014లో బహిరంగ ప్రమాణాల వైపు మొగ్గాయి. ప్రభుత్వాలకు ఉన్నపాటి జాగ్రత్త ఉపకార వేతనాలు పంచే సంఘాలకు ఉండకూడదా?

రసాయన ప్రయోగశాలలు ఈ పాఠాన్ని ముందే నేర్చుకున్నాయి. ఒక్కొక్క పరికరం తయారీదారూ వర్ణపటాలను తన సొంత ఫార్మాటులో దాచుకుంటున్న కాలంలో, 1988లో పరారుణ వర్ణపటాల కోసం జెక్యాంప్-డి.ఎక్స్. అనే సాదా అక్షరాల ఫార్మాటు వచ్చింది. ఆ పరికరాలు తుక్కుకు వెళ్ళిపోయినా, ఆనాడు ఆ ఫార్మాటులో దాచిన వర్ణపటాన్ని నేటికీ ఏ కంప్యూటరులోనైనా తెరిచి చదవవచ్చును. సంఘాల కోశాధికారులు చేయవలసినదీ ఇంతే. ఏటా లెక్కలు ముగిసిన రోజున అదే పట్టికను మూడు రూపాలలో ఉంచాలి: ఓపెన్ డాక్యుమెంట్ ఫైలు ఒకటి, సి.ఎస్.వి. ఒకటి, మంచి కాగితం మీద అచ్చు ఒకటి. తెలుగు ఎక్కడున్నా యూనికోడ్‌లో ఉండాలి. దాతల షరతులు అచ్చులో తప్పకుండా ఉండాలి. పాస్‌వర్డు పెడితే అది ఇద్దరికి తెలిసి ఉండాలి. కోశాధికారి పదవి రెండేళ్ళది; దాత మాట అంతకంటే చాలా పొడవైనది.

ఆ యువ కోశాధికారి పెద్దావిడకు తిరిగి ఫోను చేసి ఉన్నదున్నట్లు చెప్పాడు. ఆమె కోపగించలేదు. ఎన్నేళ్ళు తప్పిందని మాత్రం అడిగారు. కార్యవర్గం ఆ ఏళ్ళ వడ్డీని వేరుచేసి పాఠశాలకు పంపడానికి తీర్మానించింది.

పెట్టెలోని మూడవ ఫ్లాపీ తెరుచుకోలేదు. పాలియెస్టరు పొర మీద అయస్కాంత రేణువులను పట్టి ఉంచే బంధకం తేమకు విడిపోయి ఉండవచ్చును. ఆ రసాయన చర్యను వెనక్కు తిప్పే సాఫ్ట్‌వేరు ఏదీ లేదు. దాని మీద అంటించిన చీటీలో బాల్‌పెన్నుతో, గుండ్రని తెలుగు అక్షరాలతో, "దాతల ఉత్తరాలు, 1993" అని రాసి ఉన్నది.